పెళ్లిని ముందు వరుసలో పెట్టిన రోజు

కోరుట్లలో కేబుల్ పని చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకచోట కూడితే, కథలాపూర్‌లో పిట్టకు పెట్టిన నాడు లైను కోసేసిన చాచా సంగతి ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతారు. చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి ఆ పనిలోకి వచ్చినవాళ్లు కూడా కాదు. కొత్త పిల్లలకు జాగ్రత్త చెప్పడానికి, మధ్యలో కాస్త నవ్వించడానికి ఆ కథ వాళ్లకు పనికొస్తోంది. ఆ కథలో నేనెక్కడా లేను. ఉండాల్సింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగాను. మా ఇంట్లో అందరికీ గొంతు పెంచి మాట్లాడటమే అలవాటు, మెల్లగా అంటే పక్కవాడికి వినపడదు. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయిన ఏళ్లలో మా అన్న భివండి పోయాడు. నేను కంప్యూటర్ నేర్చుకుని కోరుట్లలో ఒక ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర చేరాను. జగిత్యాల నుంచి కోరుట్ల, కథలాపూర్ మీదుగా రుద్రంగి దాకా మా లైన్లు ఉండేవి. మెయిన్ రోడ్డు మీద ఒక మేడ గదిలో ఆ లైన్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు, వాటి ఫ్యాన్ల హోరు, ఒక ఏసీ, నేను. దుమ్ము పడుతుందని కిటికీ తెరిచేవాణ్ని కాదు. పక్క గదిలోనే నా పడక, నా స్టవ్వు. ఫోన్ మోగితే అటువైపు తిట్లు. మోగకపోతే పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. వేల ఇళ్ల మాటలు నా ముందు నుంచే పోయేవి. వాటిలో ఒక్కటీ నాకు వినపడేది కాదు.

ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు స్విచ్ సంగతి తెలుసు. తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను, నా గదిలోని ఆ పెట్టెలే స్విచ్‌లు. మాట గానీ, సినిమా గానీ, బ్యాంకు పని గానీ, లైనులోకి వచ్చేసరికి అన్నీ చిన్న చిన్న ముక్కలే. ఒక్కో ముక్క తల మీద, తనకు ఎంత తొందరో చెప్పే ఒక గుర్తు ఉంటుంది. స్విచ్ ఆ గుర్తును నమ్మవచ్చు. లేదా చెరిపేసి తన గుర్తు వేయవచ్చు. ఇళ్ల నుంచి వచ్చే గుర్తులను నేను నమ్మనిచ్చేవాణ్ని కాదు, నమ్మితే ప్రతివాడి పనీ తొందరదే అవుతుంది. అన్నీ చెరిపించి, ఏది ఏమిటో పోల్చుకునే పద్ధతి రాసిపెట్టి, వరుసల్లో నిలబెట్టేవాణ్ని. లైను ఖాళీగా ఉన్నంతసేపు ఏ వరుసైనా ఒకటే. రద్దీ పెరిగినప్పుడే తేడా తెలుస్తుంది. ముందు వరుస కదిలిపోయాకే వెనకవాటికి వంతు. చివరి వరుస నిండిపోతే, ఆపైన వచ్చిన ముక్కలను స్విచ్ పారేస్తుంది. సినిమా అయితే పోయిన ముక్కను మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, కాసేపు ఆగి నడుస్తుంది. మనిషి మాట అట్లా కాదు. పోయిన ముక్క పోయినట్టే, ఆలస్యంగా వచ్చినా దానితో పని లేదు.

ఏది ముందు, ఏది వెనక అని తేల్చేది నేనే. మా యజమానికి అదంతా పట్టేది కాదు, ఫోన్లు తక్కువ వస్తే చాలు. కాబట్టి నేను ఫోన్లను బట్టే తేల్చాను. ఎవరు ఎక్కువ తిడితే వాళ్ల పనికి ముందు చోటు. బ్యాంకు, ఆఫీసుల లైన్లు మొదట. ఆ తర్వాత క్రికెట్, సినిమాలు. పోల్చుకోలేనివన్నీ చివరి వరుసలో.

గల్ఫ్ నుంచి వచ్చే కాల్స్ ఆ చివరి వరుసలో పడేవి. అక్కడ బొమ్మ కనపడే కాల్స్‌ను ఆపేస్తారని మనవాళ్లు పేరు వినని ఏవో యాప్‌లు వాడేవాళ్లు. వాటి ముక్కలు ఏ రకమో స్విచ్‌కు తెలిసేది కాదు. శుక్రవారం అక్కడ సెలవు. ఆ పొద్దుట మా చివరి వరుసలో పారేసిన ముక్కల లెక్క ఎక్కడికో పోయేది. నేను చూసేవాణ్ని. అవి ఏమిటో నాకు తెలుసు. కానీ ఆ కాల్స్ అందుకునే ఇళ్ల నుంచి ఒక్క ఫోనూ వచ్చేది కాదు. మాట తెగిపోతే ఆ ఇళ్లలోని ఆడవాళ్లు తప్పు అటువైపే అనుకునేవాళ్లు. గల్ఫుల సిగ్నల్ లేనట్టున్నది, క్యాంపుల అందరు ఒక్కపారే చేస్తున్నరు కావచ్చు అని తమలో తాము అనుకుని ఫోన్ పక్కన పెట్టేవాళ్లు. అడగనివాళ్లకు చివరి వరుస చాలని నేను అనుకున్నాను. అనుకున్నాననడం కూడా ఎక్కువే. ఆలోచించలేదు.

చాచా మా లైన్‌మన్. కథలాపూర్ మనిషి, యాభై దగ్గర పడ్డవాడు. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరికంటే చిక్కని తెలుగు. కేబుల్ తెగితే వెంట్రుకంత గాజు పోగులను అతికి జాయింట్ వేసే పని ఆయనది. అతికాక వేలితో ఒకసారి నిమిరి, "ఏడ అతికిందో చెప్పు సార్, చాయ్ తాపిస్త" అనేవాడు. నా గదికి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే నిలబడి లోపలికి చూసి తల ఊపేవాడు. "గీ డబ్బలు మాట్లాడయి, నువ్వు మాట్లాడవు. గిట్లనే ఉంటే ఒకనాడు నీకు గూడ వైరు గుచ్చి పోతరు." కోరుట్లలో నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. ఇది రాస్తుంటే అదే ఎక్కువ అడ్డం పడుతోంది.

ఆ మధ్య రోడ్డు వెడల్పు చేస్తూ మా పెద్ద కేబుల్‌ను తెంపేశారు. బాగయ్యేదాకా కథలాపూర్ నుంచి కోరుట్లకు ఒక డిష్ పెట్టి గాలి మీద నడిపించాం. కేబుల్ మోసినంత అది మోయలేదు. ఆ రోజుల్లోనే రుద్రంగిలో ఒక పెద్ద కాంట్రాక్టర్ ఇంట్లో పెళ్లి వచ్చింది. మా యజమానికి ఆయనతో చాలా పనులు ఉన్నాయి. పెళ్లిని మా కేబుల్ చానల్‌లో లైవ్ ఇస్తామని మాటిచ్చాడు. అక్కడి కెమెరాల బొమ్మలన్నీ కథలాపూర్ మీదుగా, ఆ డిష్ మీదుగా కోరుట్లకు రావాలి. "తమ్మీ, బొమ్మ ఒక్కపారి ఆగినా నా ఇజ్జత్ పోతది" అని నాకు పదిసార్లు చెప్పాడు.

కెమెరాల ముక్కలను అన్నిటికంటే ముందు వరుసలో పెట్టాను. అట్లాంటి వరుసకు హద్దు పెట్టడం మా పనిలో మొదటి పాఠం, ఇంతకంటే ఎక్కువ మోయకు అని. లేకపోతే అది మిగతా వరుసల నోట్లో మన్ను కొడుతుంది. హద్దు పెట్టే చూశాను. పెళ్లి ముందు రోజు పరీక్షిస్తుంటే బొమ్మ రెండు మూడుసార్లు నిలబడింది. హద్దు తీసేశాను. బొమ్మ నీళ్లలా నడిచింది. పెళ్లయ్యాక మళ్లీ పెట్టొచ్చులే అనుకున్నాను.

ఆ సాయంత్రమే చాచా ఫోన్ చేశాడు. వాళ్ల వాడలో ఒక గీత కార్మికుడు జబ్బు చేసి చనిపోయాడు. మర్నాడు పొద్దున పిట్టకు పెడుతున్నారు. మా దిక్కు తెలియనివాళ్లకు చెబుతాను. మనిషి పోయిన మూడో నాడు అతనికి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో మిగిలిందని లెక్క. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, ఫలానాది చూసుకుంటాం, నువ్వు నిమ్మళంగా పో అని మాటిస్తారు. ఇతనికి ఒక్కడే కొడుకు, గల్ఫ్‌లో ఉన్నాడు. తాటిచెట్టు ఎక్కనని పోట్లాడి పోయినప్పటి నుంచి తండ్రి అతనితో ఫోన్లో మాట్లాడలేదు. ఇప్పుడు కంపెనీ వాళ్లు పాస్‌పోర్టు ఇవ్వక రాలేకపోయాడు. పిట్ట ముట్టకపోతే కొడుకు ఫోన్లోంచే మాటివ్వాలని పెద్దమనుషులు అనుకున్నారట. పెట్టే చోటు ఇంటి వెనక మెట్ట చెలకలో, సెల్ సిగ్నల్ అందదు. చాచా ఆ ఇంట్లోంచి వైరు లాగి, చెలక గట్టు మీద కుర్చీ వేసి దాని మీద రౌటర్ పెడతానన్నాడు.

"రేపొక్క పొద్దుగాల లైను జర నిగ చేసి చూడు సార్. పోరడు మేస్త్రీని అడుగుకొని పని కాడ నిలబడుతడట. మళ్లమళ్ల నిలబడనియ్యరు."

చూస్తానన్నాను. ఆ ఇంటి లైనును మంచి వరుసలోకి మార్చడం పెద్ద పని కాదు, కూర్చున్నచోటే చేయవచ్చు. మరచిపోయానని చెప్పుకోవచ్చు. మరచిపోలేదు. దాన్ని కూడా పైకి ఎక్కిస్తే పెళ్లి బొమ్మ ఎక్కడ ఆగుతుందో అని ఊరుకున్నాను. కాసేపటి కాల్, ఎట్లాగో పోతుందిలే అనుకున్నాను.

మర్నాడు పెళ్లి మండపంలో ఒక మూల బల్ల మీద నా లాప్‌టాప్. బొమ్మ అద్దంలా ఉంది. యజమాని నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్లకల్లా తెర చూపిస్తున్నాడు. బ్యాండ్ మేళం మధ్య చాచా ఫోన్ వచ్చింది.

"సార్, పోరని బొమ్మ నిలబడ్డది. మాట రాదు. పిట్టలు చెట్టు మీద కూసున్నయి, దిగుతలేవు. జర నీ దిక్కుకెల్లి చూడు."

నా ముందున్న తెర చూశాను. అందులో అక్షతలు పడుతున్నాయి.

"ఈడంత మంచిగున్నది చాచా. నీ జాయింట్ చూసుకో."

"మొన్ననే ఏసిన గదా సార్."

"ఏస్తే ఏంది, మళ్ల చూడు."

ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ కోసం ఆయన ఇంటి ముందుకు వచ్చి ఫోన్ స్పీకర్ మీద పెట్టాడని, వెంట వచ్చిన వాడకట్టంతా నా మాట విన్నదని నాకు తర్వాత తెలిసింది.

ఆ పొద్దుట అక్కడ జరిగింది ఆ ఇంటివాళ్లు చెప్పగా విన్నాను. కొడుకు ముఖం ఒకసారి కనపడింది. "బాపూ" అన్నాడు. ఆ ఒక్క మాట వచ్చి, తెరచిన నోటితో బొమ్మ నిలబడిపోయింది. తల్లి ఆ ఫోన్‌ను ఆకు వైపు చాపి పట్టుకునే ఉంది. నేను అట్లా అన్నాక చాచా పరుగెత్తి వెళ్లి స్తంభం మీద తన జాయింట్‌ను కోసేశాడు, మళ్లీ అతుకుదామని. దాంతో అప్పటిదాకా తెగుతూ అతుకుతూ ఉన్న లైను పూర్తిగా పోయింది. అది అందరూ చూశారు. ఎంత తొందరగా చేసినా ఆ పనికి కొంత సమయం పడుతుంది. లైను తిరిగి వచ్చేసరికి అక్కడ కొడుకు ఫోన్ ఎత్తలేదు. పనిలోకి పోయాడు. మధ్యాహ్నం దాకా చూశారు. పిట్ట ముట్టలేదు. చివరకు ఆకు తీసి ఆవు ముందు పెట్టారు.

సాయంత్రం నా గదికి వచ్చి స్విచ్ తెరిచి చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ పొద్దుట కథలాపూర్ చివరి వరుసలో దాదాపు ప్రతి ముక్కా పారేసి ఉంది. ముందు వరుసలో ఒక్కటీ పోలేదు. హద్దును మళ్లీ పెట్టాను. కంప్యూటర్‌లో ఒక్క లైను రాయడమే. తర్వాత స్టవ్ వెలిగించి అన్నం వండుకున్నాను. తిన్నాను కూడా.

రెండు రోజులకు చనిపోయినాయన తమ్ముడు, ఇంకొందరు ఆఫీసుకొచ్చారు. యజమాని చాచాను పిలిపించాడు. అందరూ కలిసి ఆయన్ని అనరాని మాటలన్నారు. పిట్టకు పెట్టే యాళ్ల వైరు కోస్తరా అని, నీకు మా తిప్పలేం తెలుసు అని. ఆ వాడలోనే పుట్టి పెరిగిన మనిషి. నేను నా కుర్చీలోనే ఉన్నాను. యజమాని నా వైపు తిరిగి నిజమేనా అన్నట్టు చూశాడు. జాయింటే కావచ్చు అన్నాను. అప్పటికి నాకు నిజం తెలుసు.

చాచా తన చేతిని చూసుకున్నాడు. "నా చెయ్యే గావచ్చు సార్. ఈ మధ్య కండ్లు గూడ జర మసక అయితున్నయి" అన్నాడు. వాదిస్తాడని భయపడ్డాను. వాదించి ఉంటే బాగుండేది. ఆయన నా మాట నమ్మేశాడు.

యజమాని తీసేయలేదు. ఆయనే మెల్లగా తగ్గిపోయాడు. జాయింట్ వేయాల్సి వస్తే ఇంకొకరిని పిలవమనేవాడు. నా గుమ్మం దాకా రావడం మానేశాడు. కొన్నాళ్లకు ఆయన కూడా గల్ఫ్ పోయాడని విన్నాను. అతికే పనికి కాదు, కేబుల్ వేసే కాలువలు తవ్వడానికి. ఆ వయసులో కొత్తగా పోయేవాళ్లు తక్కువ.

ఆ తర్వాత నేను చేసిన మంచి పని ఒకటుంది. ముక్క ఏ యాప్‌దో తెలియకపోయినా, మాట నడిచే తీరు వేరుగా ఉంటుంది. చిన్న చిన్న ముక్కలు ఆగకుండా, అటూ ఇటూ సమంగా నడుస్తాయి. ఆ తీరును పట్టుకుని వాటికి ఒక వరుస, అందులో కొంత వాటా, ఒక హద్దు రాశాను. వారం కష్టపడితే కుదిరింది. ముందే పడాల్సిన కష్టం. శుక్రవారాలు పారేసే ముక్కల లెక్క తగ్గింది. ఒక్కరూ ఫోన్ చేసి బాగుందనలేదు. ఎందుకంటారు? ఆడ సిగ్నల్ మంచిగైంది అనుకుని ఉంటారు.

పెద్ద కంపెనీ ఒకటి వచ్చి మా చిన్న ఆపరేటర్లందరినీ మింగేశాక ఆ ఉద్యోగం పోయింది. సిరిసిల్ల తిరిగొచ్చి కెమెరాలు బిగించే దుకాణం పెట్టుకున్నాను. ఆరు నెలల కింద పాత దోస్తు ఒకడు దుకాణంలో కూర్చుని, తన దగ్గర చేరిన కొత్త కుర్రాళ్లకు చాచా కథ చెప్పి ఎట్లా నవ్వించాడో నాకే చెప్పాడు. నేనూ నవ్వాను. వాడు పోయాక గల్ఫ్‌లో ఉన్న చాచా నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

అంతా చెప్పాను. అయిపోయాక ఆయన అడిగాడు.

"అంటే నా జాయింట్ మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె చాచా."

"అయితే మంచిగున్నదాన్ని కోసిన."

నా బరువు దింపుకుందామని చేసిన ఫోన్ అది. అది పోయి ఆయన మీద పడింది. తప్పుగా అతికానని ఇన్నేళ్లు అనుకున్న మనిషి, ఇప్పుడు బాగున్నదాన్ని తన చేతితో కోశానని తెలుసుకున్నాడు. రెండింట్లో ఏది మేలో నాకు తెలియదు. ఆయనే మళ్లీ, "వాళ్లింటికి పోయి చెప్పినవా?" అన్నాడు. లేదన్నాను. "నాకు చెప్తే ఏమొస్తది సార్, ముందుగాల ఆడికి పో" అన్నాడు. ఇంకా సార్ అంటూనే ఉన్నాడు.

పోయాను. ఆ తల్లి కథలాపూర్ చివర కల్లు దుకాణంలో కల్లు పోస్తోంది. కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడట. వచ్చిన పని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "చాచాను అన్ననాడు మా పాలోళ్లందరు కలిసి అన్నరు. అందరు వచ్చినంక చెప్పు" అంది. పందిరి కింద ఒక రాయి చూపించింది. చెట్ల మీది కల్లు దించుకుని, పనులు ముగించుకుని ఆ పాలోళ్లు ఒక్కొక్కరే వచ్చేదాకా కూర్చున్నాను.

వాళ్ల ముందు నిలబడి స్విచ్ అన్నాను, వరుస అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. చివరకు, పెళ్లి బొమ్మను ముందు పోనిచ్చి మీ పిల్లగాని మాటను వెనక ఆపింది నేనే, చాచా చేతిలో తప్పేమీ లేదు అన్నాను. అది అర్థమైంది. చనిపోయినాయన తమ్ముడు నన్ను చాలాసేపు చూశాడు.

"గుర్తుకొచ్చినవు. ఆనాడు ఆఫీసుల కుర్చీల కూసున్నవు. మేం ఆయన్ని తిడుతుంటే మాకు చాయ్ తెప్పిచ్చినవు."

నిజమే. తెప్పించాను. ఆయన ఫోన్ తీసి చాచా నంబరు అడిగాడు. చెప్పాను. అటువైపు గొంతు వినగానే ఆయన గొంతు మారిపోయింది. మా నోట్లకు పురుగులు పడ చాచా, నిన్ను మస్తు మాటలన్నం అంటున్నాడు. ఫోన్ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతోంది. చాచా ఏదో అంటున్నట్టున్నాడు, నవ్వుతున్నారు. నేను పందిరి బయటికి వచ్చాను. ఉండమని ఎవరూ అనలేదు.

రోడ్డు దాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. ఆ తల్లి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"గానాడు లైను మంచిగుంటే పిట్ట ముడుతుండెనా?"

నేను రోడ్డు దిగి ఆమె దగ్గరికి వచ్చాను.

"నా కొడుకు గిప్పటికీ అడుగుతడు సారూ. బాపు నా మీద కోపం మీదనే పోయిండా అవ్వా అని. నేనేం చెప్పాలె?"

"పిట్ట సంగతి నాకు తెల్వదమ్మా. లైను మంచిగుంటే మాట మాత్రం చేరుతుండె. అతను చెప్పేది చెప్తుండె. దాన్ని ఆపింది నేను."

ఆమె ఆ మాటను నోట్లో ఒకసారి అనుకుని చూసుకుంది.

"గదే చెప్త" అంది.

వెనక్కి తిరిగి దుకాణం వైపు నడిచింది. సిరిసిల్ల బస్సు రావడానికి ఇంకా టైముంది. రోడ్డు పక్కన నేనొక్కణ్నే నిలబడ్డాను.